ఫిట్స్ రాని పిల్ల

ఒకరి చీర చూసి కుళ్ళుకోవచ్చు, నగ చూసి కుళ్ళుకోవచ్చు. రోగం చూసి కుళ్ళుకునే మనిషి కూడా ఉంటుందా అంటే, ఉంటుంది. ఆ మనిషిని నేనే. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. పోయిన నెల నరసరావుపేటలో జరిగినదాని తర్వాత ఇక దాచుకుని ప్రయోజనం లేదనిపించింది.

మా అక్కది నరసరావుపేట. రిటైరైన టీచరు. ఒక్కతే ఉంటుంది. చూసొద్దామని బయల్దేరి బస్సు దిగి బయటికి వస్తుంటే, పండ్ల బళ్ళ దగ్గర గుంపు కనపడింది. నలభై ఏళ్ళ మనిషి ఒకాయన నేలమీద పడి కొట్టుకుంటున్నాడు. కళ్ళు పైకి పోయాయి, నోట్లోంచి నురగ. చుట్టూ ఉన్నవాళ్ళది ఒకటే కేక.

"తాళాలు! ఎవరి దగ్గరన్నా తాళాలుంటే చేతిలో పెట్టండయ్యా!"

ఒకాయన మోటారు సైకిలు తాళం ఇచ్చాడు. ఇంకొకాయన కారు తాళం తీసి ఇచ్చాడు. దాన్ని ఒక ముసలాయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదంతా ప్లాస్టిక్కేగా, ఇనుముండాల్రా!" అని తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. నా పక్కనున్న జామకాయల మనిషి నా సంచి వంక చూసింది. సంచిలో మా ఇంటి తాళాల గుత్తి ఉంది. మా అత్తగారి ఊరు మాచవరంలో ముప్ఫై ఏళ్ళుగా నేను మోస్తున్న గుత్తి అది.

"పెద్దమ్మా, నీ దగ్గరున్నాయి గదా, ఇయ్యి" అంది.

నేను ఇవ్వలేదు. సంచి చంకలో ఇంకా గట్టిగా ఇరికించుకున్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఇంతలో నర్సింగు చదివే పిల్లట, గుంపును తోసుకుని వచ్చింది. "చేతులు కాళ్ళు వదిలెయ్యండి. నోట్లో ఏం పెట్టొద్దు. గాలాడనివ్వండి" అంటూ ఆ మనిషి తల కింద తన చున్నీ మడిచి పెట్టి, ఒక పక్కకి తిప్పి, చేతి గడియారం చూస్తూ కూర్చుంది. రెండు నిమిషాలకు ఆయన ఒళ్ళు సడలింది. "చూశారా, తాళాలు పనిచేసినయ్" అన్నాడు ముసలాయన. "తాళాలు లేకపోయినా తగ్గేది తాతా" అంది ఆ పిల్ల, తలెత్తకుండానే.

ఆ మాట నా ఏడో ఏట మా ఇంట్లో ఎవరన్నా అని ఉంటే, మా ఇద్దరు అక్కచెల్లెళ్ళ బతుకులు వేరేగా ఉండేవి. ముఖ్యంగా నాది.

మా పుట్టిల్లు గురజాల. బజారు వైపు కొట్టు, దాని వెనకే ఇల్లు. కొట్టు దాటి ఇంట్లోకి వచ్చేసరికి మనిషికి బెల్లం వాసన, ఇంగువ వాసన, కిరసనాయిలు వాసన అన్నీ అంటుకునేవి. మిరపకాయల రోజుల్లో మాత్రం వీటన్నిటినీ ఆ ఘాటే మింగేసేది. నాన్న రైతుల దగ్గర కాయలు కొని, గోతాల్లో తొక్కించి గుంటూరు పంపేవాడు. అలా తొక్కి నింపిన గోతాన్ని టిక్కీ అంటాం. ఆ రెండు మూడు నెలలూ వసారాలో టిక్కీలు వరసగా నిలబడి ఉండేవి, ఇంట్లో ఎవరో ఒకరు తుమ్ముతూ ఉండేవాళ్ళు. "మీ ఇంట్లో మర్యాదలు తుమ్ములతోనే మొదలవుతయ్యే" అనేది మా మేనత్త.

ఇంటి పెత్తనం నాయనమ్మది. ఆమె నడుముకు తాళాల గుత్తి వేలాడేది. పెద్ద ఇనప తాళంచెవులు, పదకొండు. సామాన్ల గదిది, బీరువాది, పాలు పెట్టే జాలీ గూటిది, ఇంకా దేనివో ఆమెకే తెలియనివి రెండు. కిరాణా కొట్టు వాళ్ళింట్లో పుట్టి ఎండుద్రాక్ష ముఖం చూడలేదంటే ఎవరూ నమ్మరు గాని, మాకు అదే పరిస్థితి. జీడిపప్పు, బాదంపప్పు, పటికబెల్లం అన్నీ సామాన్ల గదిలోనే. ఆ గది తలుపు తీసినప్పుడు వచ్చే వాసన పీల్చుకోవడమే మా వంతు. ఆ గుత్తి అత్త చేతి నుంచి పెద్దకోడలి చేతికి రావాలని రివాజు. మా అమ్మ ఒక్కతే కోడలు. కాపురానికి వచ్చి పద్నాలుగేళ్ళయినా గుత్తి ఆమె దాకా రాలేదు. "మీ అత్తగారు ఇంకా తాళాలియ్యలేదా?" అని పక్కింటి పిన్ని అడిగినప్పుడల్లా అమ్మ పొయ్యిలో కట్టె గట్టిగా తోసేది.

నాకంటే రెండేళ్ళు పెద్దదైన అక్కకు తొమ్మిదో ఏట జ్వరం వచ్చింది. ఏవో మూలికలు నూరి పోశారు, తాయెత్తు కట్టారు. మూడో రోజుకు మెడ బిగుసుకుపోయి, మమ్మల్ని గుర్తుపట్టడం మానేసింది. కారు మాట్లాడి గుంటూరు తీసుకుపోయారు. మెదడువాపు అన్నారు. అమ్మా నాన్నా పదిహేను రోజులు అక్కడే ఉన్నారు. ఇక్కడ నాయనమ్మ దేవుడి ముందు కూర్చుని ఏడుస్తుంటే, నేను కూడా ఏడ్చాను. ఎందుకో ఇప్పుడు నిజం చెప్పాలి. అక్క కారెక్కింది, నేను ఎక్కలేదు.

బతికి వచ్చింది. నెల తిరిగాక ఒక మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర నాపరాళ్ళ మీద ధబ్బున పడి కొట్టుకోవడం మొదలుపెట్టింది. అమ్మ కేకలు పెడుతూ ఉల్లిపాయ కోసం పరిగెత్తింది. నాయనమ్మ మాత్రం నడుమున ఉన్న గుత్తి లాగి అక్క గుప్పిట్లో కుక్కింది. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. అంతే, ఆ క్షణాన మా ఇంట్లో వైద్యం స్థిరపడిపోయింది.

గుంటూరు డాక్టరు తెల్లటి చిన్న మాత్రలు రాసిచ్చి, రోజూ వెయ్యాలి, ఏళ్ళ తరబడి వెయ్యాలి, ఒక్క పూట కూడా మానకూడదు అన్నాడు. పిల్లను బడికి పంపండి, అందరి పిల్లల్లాగే ఉండనివ్వండి అని కూడా అన్నాడట. అది నాన్న విన్నాడు. నాయనమ్మ వినలేదు. ఆరు నెలలు ఫిట్స్ రాకపోతే ఆ గొప్ప తాళాలది. వస్తే తప్పు మాత్రలది. "ఆ మాత్రలు ఒకటే వేడే, పిల్ల నెత్తి మాడిపోతంది" అని మాత్ర వేసినప్పుడల్లా చలవకని ఒక వెన్నముద్ద పెట్టేది. మెదడుకు బలమని బాదంపప్పు నానబెట్టి, పొట్టు తీసి, చేతిలో పెట్టేది. వెన్న కరిగి అక్క వేళ్ళ సందుల్లోంచి కారుతుంటే నేను ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. "నీకేమే, రాయిలాగున్నావు" అనేది నాయనమ్మ నాతో. ఒంట్లో రోగం లేకపోవడం కూడా ఒక నేరమే అని నాకు అప్పుడు తెలిసింది.

ఫిట్స్ ఎప్పుడొస్తాయో తెలియదు గదా, వచ్చినప్పుడు తాళాలు వెతుక్కునే వ్యవధి ఉండదు గదా అని, ఒకరోజు నాయనమ్మ గుత్తిని తన నడుము నుంచి తీసి అక్క నడుముకు కట్టేసింది. ఎర్ర మొలతాడుకు, రెండు ముళ్ళు వేసి. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆ పూట పప్పులో ఉప్పు మర్చిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ ఇద్దరూ కలిసి అమ్మను దాటేసి, వరం తీసుకుపోయి ఆమె కూతురికే ఇచ్చారు. అప్పటి నుంచి కందిపప్పు కావాలన్నా మా అమ్మ కన్నకూతుర్ని పిలిచి తలుపు తీయించుకోవాలి.

అక్క ఎటు కదిలినా గలగల. వసారాలో ఉందా, పెరట్లో ఉందా, దొడ్డి వైపు పోయిందా, అందరికీ వినపడేది. చప్పుడు ఒక నిమిషం ఆగితే "ఏమే పెద్దదానా!" అని కొట్టులోంచి నాన్న కేకేసేవాడు. తాళాలు వచ్చాక అక్క నడక మారిందని నా అనుమానం. నడుము కాస్త ఎక్కువ ఊపేది.

ఇంట్లో ఇంకో కట్టుబాటు ఉండేది. ఫిట్స్ సంగతి గడప దాటకూడదు. తెలిస్తే అక్కకు పెళ్ళి కాదు, దాంతోపాటు నాకూ కాదు. ఏడో తరగతిలో ఉండగా అక్కను బడి మాన్పించారు. బళ్ళో పడిపోతే ఊరంతా తెలుస్తుందని. ఎవరన్నా అడిగితే నాయనమ్మ తడుముకోకుండా చెప్పేది. "ఇంటి పెత్తనం నేర్చుకుంటాందమ్మా. తాళాలు దానికే ఇచ్చేశా." వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. "ఇంత చిన్నపిల్లకా! ఎంత బుద్ధిమంతురాలు కాకపోతే ఇస్తారు! మా ఇంట్లోనూ ఉన్నారు, ఎందుకూ?" అనేవాళ్ళు. అది విని నాకు కడుపు మండిపోయేది. బళ్ళో లెక్కల్లో మొదటి మార్కు నాది, బుద్ధిమంతురాలు మాత్రం తను.

ఒకసారి ఫిట్స్ నేనూ తెచ్చుకుందామని చూశాను. చూసి చూసి నాకు అన్నీ కంఠతా వచ్చు. ఆదివారం పొద్దున, అందరూ ఉన్నప్పుడు, పడి చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాను. కళ్ళు పైకి తిప్పాను. కుంకుడు నురగ కొంచెం ముందే నోట్లో పెట్టుకున్నాను కూడా, చేదు తట్టుకోలేక చచ్చాను. నాయనమ్మ వచ్చి నిలబడింది. గుత్తి తేలేదు, కంగారు పడలేదు.

"ఫిట్సొచ్చినోళ్ళు పరుపు చూసుకుని పడరే" అంది. "లెగిసి అంట్లు తోము."

నిజమే. మడతపెట్టిన పరుపుల మీద పడ్డాను. అక్క ఆ రోజంతా పొట్ట పట్టుకుని నవ్వింది, గుత్తి గలగలమంటుంటే. సాయంత్రం సామాన్ల గది తెరిచి నాకో ఎండుద్రాక్ష ఇచ్చింది. ఒక్కటే. రెండోది అడిగితే, "నాయనమ్మ లెక్కపెడతది" అంది. పెద్ద జమీందారు!

అసలు దెబ్బ ఎత్తిపోతల జలపాతం విషయంలో తగిలింది. ఆ ఏడు సాగర్‌లో నీళ్ళు బాగా ఉన్నాయి. మిరపకాయలు కల్లాలకు వస్తున్న రోజులు, ఎండలు ఇంకా ముదరలేదు. మా బజారు వాళ్ళంతా కలిసి ఆదివారం ఎత్తిపోతలకు బస్సు మాట్లాడుకున్నారు. పులిహోర, చక్రాలు, పెరుగు ఆవడలు ఎవరు ఏం చెయ్యాలో కూడా పంచుకున్నారు. నేను వారం రోజుల ముందు నుంచే బళ్ళో అందరికీ చెప్పుకున్నాను. పక్కింటి పిన్ని కూతురూ నేనూ బస్సులో ఏ సీటులో కూర్చోవాలో కూడా నిర్ణయించుకున్నాం. శుక్రవారం నాయనమ్మ వద్దంది.

"పెద్దదానికి నీళ్ళ గండం. పారే నీళ్ళు చూస్తే వస్తది."

"అయితే అక్క ఉంటది. నేను పోతా" అన్నాను.

"నువ్వొక్కదానివే పోతే, పెద్దది ఎందుకు రాలేదని పదిమంది అడగరా? ఏమని చెప్తావు?"

"కడుపునొప్పని చెప్తా."

"నోరుమూసుకో" అంది అమ్మ. అమ్మ కూడా వెళ్ళాలని ఎంత ఆశపడిందో నాకు తెలుసు. ఆవడలకు మినప్పప్పు ఏరి పెట్టుకుంది. ఆ విసుగంతా నా వీపు మీద తీర్చుకుంది.

ఆదివారం పొద్దున్నే బస్సు మా కొట్టు ముందు నుంచే పోయింది. కిటికీలోంచి పక్కింటి పిల్ల చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. లోపలికి వస్తే అక్క వసారాలో కూర్చుని వెన్న తింటోంది. "ఎత్తిపోతల్లో ఏముందే, నీళ్ళే గదా" అంది. నన్ను ఓదార్చడానికే అందేమో. నాకు మాత్రం అగ్గిమీద గుగ్గిలం వేసినట్టయింది.

మర్నాడు అక్కకు తలంటు. తలంటు నాడు మాత్రం గుత్తి విప్పి స్నానాల గది బయట గూట్లో పెట్టేవాళ్ళు. ఇనుముకు కుంకుడు నీళ్ళు తగలకూడదని. అమ్మ లోపల అక్క తల రుద్దుతోంది. నాయనమ్మ పూజలో ఉంది. నేను బడి సంచి తగిలించుకుని, గూట్లోంచి గుత్తి తీశాను. చప్పుడు కాకుండా రెండు చేతుల్తో అదిమిపట్టుకుని వసారాలోకి వచ్చాను. అక్కడ మూతి కుట్టని టిక్కీలు మూడున్నాయి. నడిమి దాంట్లో కాయల మధ్యకు, మోచెయ్యి దాటేదాకా చెయ్యి దించి గుత్తి వదిలేశాను. పైన కాయలు సర్దేసి బడికి పరిగెత్తాను.

ఏం అనుకుని చేశాను? అక్కకు జబ్బు చెయ్యాలనా? కాదు. తాళాలు లేని అక్క ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను. నాలాంటి మామూలు పిల్ల అవుతుందని ఆశ. అంతవరకే.

బడికి చేరేసరికే చెయ్యి మండటం మొదలైంది. చేత్తో కళ్ళు నలుపుకున్నాను, ఇక చెప్పేదేముంది! మిరప మంట అంటే పల్నాటి వాళ్ళకు చెప్పక్కర్లేదు. కొళాయి కింద చెయ్యి పెడితే ఇంకా మండింది. ఏమైందే అని టీచరు అడిగితే కండ్లకలక అన్నాను.

మూడో పీరియడ్‌లో వరండా చివర ఎవరో కేక పెట్టారు. పిల్లలంతా పరిగెత్తారు, నేనూ పరిగెత్తాను. ఎనిమిదో తరగతి గది కిటికీ కింద అక్క పడి ఉంది. తడి జుట్టు విరబోసుకుని, ఇంట్లో కట్టుకునే పాత పరికిణీలో. కొట్టుకుంటోంది. రాతి మెట్టు తగిలి కనుబొమ పైన చీరుకుపోయింది, రక్తం చెవి దాకా కారింది. తను బడి మానకుండా ఉంటే చదువుతూ ఉండాల్సిన తరగతి అది. పాత స్నేహితురాళ్ళంతా చుట్టూ నిలబడి చూస్తున్నారు. బడి ఆయా, గంట కొట్టే ఇనప కమ్మీ తెచ్చి అక్క గుప్పిట్లో పెట్టింది.

నేను దగ్గరికి పోలేదు. స్తంభం వెనక నిలబడ్డాను. "అది మీ అక్క గదే?" అని ఎవరో అడిగితే తల అడ్డంగా ఊపాను. ఆ ఒక్క ఊపుకు నాకు నరకంలో చోటు ఖాయమని అప్పుడే అనుకున్నాను. నేను తాళాలు తీశాను, అక్కకు ఫిట్స్ వచ్చాయి. ఇందులో ఇంకో లెక్క ఉంటుందని నాకు తోచలేదు.

ఇంట్లో గలగల వినపడటం లేదని నాయనమ్మకు అప్పటికి తెలిసిందట. వెతుక్కుంటూ ఇంట్లోవాళ్ళు వీధి చివరిదాకా వచ్చేసరికి, హెడ్‌మిస్ట్రెస్ గారే అక్కను రిక్షాలో కూర్చోబెట్టుకుని ఎదురొచ్చారు. బజారంతా తలుపుల్లో నిలబడి చూసింది. నాలుగేళ్ళు దాచిన గుట్టు పదినిమిషాల్లో రట్టయింది.

అక్కకు తెలివి వచ్చాక నాయనమ్మ మొదట అడిగింది తాళాల సంగతే. "యాడ పడేశావే?"

"తెలవదు. దోవలో జారిపోయినయ్యేమో" అంది అక్క, గోడ వైపు తిరిగి.

ఫిట్స్ వస్తే అంతకుముందు జరిగింది కాస్త చెరిగిపోతుందని మాకు తెలుసు. అందుకని తలంటు తర్వాత కట్టుకున్నట్టే అనుకుని ఉంటుందిలే అనుకున్నాను. బతికిపోయాను. మజ్జిగ గిన్నెలో చెయ్యి ముంచుకుని పెరట్లో కూర్చున్నాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు ఆ సాయంత్రం మళ్ళీ వచ్చారు. కాఫీ ఇస్తే పక్కన పెట్టి, "మాత్రలు వేస్తున్నారా?" అని సూటిగా అడిగారు.

నాయనమ్మ కొంగు సర్దుకుంది. "తాళాలున్నయి గదమ్మా. చానా రోజులైంది రాక. ఈ వారం నేనే మాన్పించా, వేడి చేస్తందని."

"అందుకే వచ్చింది. తాళాలు పోయినందుకు కాదు. మా తమ్ముడికీ ఉంది ఈ జబ్బు. బావిలో దిగడు, బండి నడపడు. మిగతావన్నీ చేస్తాడు, ఉద్యోగం చేస్తున్నాడు. పిల్లను బడికి పంపండి."

"పదిమందికీ తెలిస్తే ఎట్టాగమ్మా?" అంది అమ్మ.

"తెలిసిపోయింది గదా. ఇంకా దాచడానికేముంది?"

నేను తలుపు వెనకే ఉన్నాను. తాళాలు పోయినందుకు కాదన్న మాట నాకు వినపడింది గాని, పదకొండేళ్ళ బుర్రకు ఎక్కలేదు. ఫిట్స్ తెప్పించింది నేనేనని చానా ఏళ్ళు నమ్మాను.

తర్వాతి సంగతులు తొందరగా జరిగాయి. దోవలో తాళాలు దొరికినవాడు దొంగతనానికొస్తాడని నాన్న భయపడి, ఇంట్లో తాళాలన్నీ పగలగొట్టించి కొత్తవి వేయించాడు. కొత్త గుత్తి ఎవరినీ అడక్కుండా అమ్మ చేతిలో పెట్టాడు. నాయనమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. టిక్కీలు లారీ ఎక్కి గుంటూరు పోయాయి. ఆ పదకొండు తాళంచెవులూ ఎవరి మిరపకాయల్లో తేలాయో దేవుడికి తెలియాలి. అక్క మాత్రలు మానకుండా వేసుకుంటూ బడికి పోయింది. ఏడాది వెనకబడి కూడా చదివింది, గుంటూరు పోయి ట్రైనింగయింది, శావల్యాపురంలో ఉద్యోగంలో చేరింది. పెళ్ళి సంబంధాలు రాలేదు. తనూ ఎదురుచూడలేదు. పాతికేళ్ళు దాటాక ఫిట్స్ రావడం పూర్తిగా ఆగిపోయింది. డాక్టరే మాత్రలు నెమ్మదిగా తగ్గించి మాన్పించాడు.

మరి నా సంగతి? పెద్దదాని గుట్టు ఊరికి తెలిసింది, చిన్నదాన్నన్నా త్వరగా ఒక ఇంటికి పంపాలన్నారు. పదో తరగతితో ఆపేశారు. లెక్కల్లో మొదటి మార్కు అడిగినవాడు లేడు. పద్దెనిమిది నిండగానే మాచవరం కిరాణా కొట్టు వాళ్ళింటికి వచ్చాను. అత్తగారు పోతూ పోతూ తాళాలు నా చేతిలోనే పెట్టింది. అందరూ అదృష్టవంతురాలన్నారు. నా దొంగతనం వల్ల అమ్మకు పెత్తనం వచ్చింది, అక్కకు చదువొచ్చింది. నాకు చెయ్యి మండింది.

అయినా ఇన్నేళ్ళలో ఒక్క విషయం నన్ను నిలబెట్టింది. సెలవుల్లో అక్క చేతిసంచి వేసుకుని, తన డబ్బులతో కొన్న చీరలు తెచ్చి మాకు పంచుతుంటే, అందరూ అక్కను పొగుడుతుంటే, నేను లోపల్లోపల అనుకునేదాన్ని: ఇదంతా నా చలవేనమ్మా. ఆ రోజు నేను ఆ పని చెయ్యకపోతే నువ్వింకా ఆ ఇంట్లో గలగలమంటూ తిరుగుతుండేదానివి. సిగ్గూ అదే, గర్వమూ అదే. అది నా ఒక్కదాని దగ్గరే ఉన్న సొత్తు.

ఆ బస్టాండులో చూసింది మనసులోంచి పోక, ఆ పూట అక్క ఇంటికి చేరగానే చెప్పేశాను. కాళ్ళు కూడా కడుక్కోలేదు. గూటి సంగతి, టిక్కీ సంగతి, స్తంభం వెనక తల ఊపిన సంగతి, అన్నీ. ఏడుపొచ్చింది. క్షమించమని అడిగాను. నా జన్మలో అక్కను ఏదన్నా అడిగింది అదే మొదలు, ఎండుద్రాక్ష కాక.

అక్క చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టింది.

"టిక్కీలో ఉన్నాయని నాకు తెలుసే" అంది.

"ఎట్టా?"

"తలంటి పోసుకుని వచ్చి చూస్తే గూట్లో లేవు. అమ్మని పిలుద్దామని నాలుగడుగులు వేశా. చప్పుడు కాలా. ఇంకో నాలుగు వేశా. ఎవరూ 'ఏమే' అనలా. అట్టాగే పెరటి తలుపు తీసుకుని పోయా. బజారంతా నడుచుకుంటా పోయానే, ఎవరికీ ఇనపడకుండా! బడి కిటికీ దాకా పోయినట్టు గుర్తుంది."

"మరి టిక్కీ సంగతి?"

"ఆ సాయంత్రం నీ చెయ్యి చూశాగా. మోచేతి పైదాకా ఎర్రగా కందిపోయి ఉంది. కాయల్లో అంత లోపలికి చెయ్యెందుకు పెడతావు నువ్వు? తెల్లారి నాన్న మూతులు కుడుతున్నాడు. తలకు కట్టుతో పోయి పక్కన కూచున్నా. నడిమి టిక్కీకి దబ్బనంలో పురికొస ఎక్కించి ఇచ్చింది నేనే. గట్టిగా కుట్టు నాన్నా, కాయ జారతదని కూడా చెప్పా."

"దోవలో జారిపోయినయ్యని మరి..."

"అబద్ధం. దొరికితే మళ్ళీ నా నడుముకే గదా కట్టేది."

క్షమాపణ అడగడానికి వచ్చినదాన్ని, అది తీసుకునేవాళ్ళు లేరు. వెన్న తనది, బాదంపప్పు తనది, చదువు తనది, ఈ ఇల్లు తనది. పోనీలే అనుకున్నాను. నా జన్మకంతటికీ నేనంటూ చేసిన పని ఒక్కటే ఉంది, అది పాపమే అయినా నాది అనుకుని ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నాను. చివరికి దాన్లో కూడా పెద్ద వాటా అక్కదే అయింది.

"ఏందే, అట్టా అయిపోయావు? నీకు మంచి మాటేగా చెప్పింది" అని అక్క నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. కోపం వచ్చింది. ఇంటికొచ్చి నెల దాటింది, ఇంకా పోలేదు.